ఉండేదంతా సదువమ్మా

నా సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసిన వాక్యం ఒకటి ఉంది. రిటైరయ్యేలోపు అర్జీ పెట్టుకుంటే దాన్ని కొట్టేస్తారని చాలామంది చెప్పారు. చివర్లో మాకు వచ్చిన కొత్త అధికారి అయితే ఆ అర్జీ తానే టైపు చేయించి తెచ్చి, సంతకం ఒక్కటి పెట్టమ్మా చాలు అన్నాడు. పెట్టలేదు. ఆ వాక్యం నాకు కావాలి. ఎందుకు కావాలో, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెబుదామని ఇది రాస్తున్నాను. నీతులు చెప్పడానికి మాత్రం కాదు. నీతులు చెప్పేంత గొప్ప పని నేనేం చేయలేదు. ముందు ఒక తప్పు చేశాను, తర్వాత దాన్ని ఇంకొకడి నెత్తిన రుద్దనివ్వలేదు.

మదనపల్లెలో మా కంట్రోల్ రూము మేడ మీద ఉండేది. నాలుగు కంప్యూటర్లు, గోడకు ఒక పెద్ద తెర, ఎన్నడూ సరిగ్గా మూసుకోని తలుపు. చుట్టుపక్కల మండలాల్లోని ఆఫీసులకు, ఆస్పత్రులకు, రైతు కేంద్రాలకు ఇంటర్నెట్ ఇచ్చే లైన్లను అక్కడి నుంచి కనిపెట్టుకుని ఉండటం మా పని. తంబళ్లపల్లె మొదలు కుప్పం అవతలి దాకా మా స్టేషన్లు ఉండేవి. స్టేషన్ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక చిన్న గది, అందులో పరికరాల బీరువా, కరెంటు పోతే కాసేపు ఆదుకునే బ్యాటరీలు, అంతే.

ఆ పరికరాలకు ఒక మంచి గుణం ఉంది. తేడా వస్తే మనం అడగకుండానే కబురు పంపుతాయి. దాన్ని మేము ట్రాప్ అంటాం. కబురు మాటల్లో రాదు, అంకెల్లో వస్తుంది. ఒక అంకె ఏ స్టేషనో చెబుతుంది, ఒకటి ఏం జరిగిందో చెబుతుంది, ఇంకొకటి బ్యాటరీలో ఎన్ని వోల్టులున్నాయో చెబుతుంది. ఆ అంకెలను ఏరుకుని "పుంగనూరు, కరెంటు పోయింది, 52 వోల్టులు" అని మనిషి చదువుకునే వాక్యంగా మార్చడానికి మా సాఫ్ట్‌వేర్‌లో ఒక రూలు రాసిపెట్టాలి. ఆ రూలు రాసింది నేను.

ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, కథంతా ఇందులోనే ఉంది. కబురులో వచ్చే ప్రతి అంకెకూ దాని పేరు కూడా జతగా వస్తుంది. చుక్కలు చుక్కలుగా మూరెడు పొడుగుంటుంది ఆ పేరు. పేరు చూసి అంకెను తీసుకోవడం సరైన పద్ధతి. నాకు అంత ఓపిక ఎక్కడిది? ఎప్పుడు చూసినా మూడే అంకెలు, ఎప్పుడూ అదే వరుస. కాబట్టి పేర్లు పక్కన పడేసి వరుసను పట్టుకున్నాను. మొదటిది స్టేషను, రెండోది సంగతి, మూడోది వోల్టులు. ఈ మాటే ఒక కాగితం మీద స్కెచ్ పెన్నుతో రాసి గోడకు అంటించాను. కొత్తగా చేరినవాళ్లందరికీ మొదటి పాఠం అదే. మా ఆపరేటర్లు దాన్ని ఎక్కాల్లాగా అప్పజెప్పేవాళ్లు.

అక్కడితో ఆగి ఉంటే సగం తప్పే అయ్యేది. పాత స్టేషన్లలో వోల్టులు కొలిచేవి పాడైపోయి అప్పుడప్పుడు సున్నా, రెండు, మూడు అని పిచ్చి అంకెలు పంపేవి. అది చూసి ఆపరేటర్లు కంగారుపడి ఫోన్లు చేస్తుంటే నాకు విసుగొచ్చి ఇంకో రూలు రాశాను. వోల్టులు పది కంటే తక్కువ వస్తే అంకె చూపించకుండా ఖాళీగా వదిలేయమని. తెర శుభ్రంగా ఉందని మా పెద్దసారు మెచ్చుకున్నాడు. నేనూ పొంగిపోయాను.

ఇక కుప్పం లైన్‌మన్ సంగతి. కాంట్రాక్టు మనిషి, నలభై ఏళ్లుంటాయి. మాలో చేరకముందు శాంతిపురం పక్క గ్రానైటు క్వారీలో పనిచేశాడు. అతనికో అలవాటు ఉండేది. అలారం వచ్చిందని ఫోన్ చేసి వాక్యం చదివితే ఒప్పుకునేవాడు కాదు.

"అది గాదమ్మా, లోపల వచ్చిండే అంకెలు ఉండేదంతా సదువు" అనేవాడు.

వాక్యం మీద నొక్కితే అసలు అంకెలు కనిపిస్తాయి. అవి చదివితే జేబు డైరీలో పెన్సిలుతో రాసుకుని, అప్పుడు బండెక్కేవాడు. ఆ అంకెల అర్థం అతనికి తెలియదు. ఒకసారి నేనే విసుక్కున్నాను, అర్థం కానప్పుడు రాసుకుని ఏం చేస్తావప్పా అని.

"క్వారీలో బండకు మందుగుండ్లు పెట్టేటప్పుడు లెక్క రాసుకుంటామమ్మా. ఆరు పెడితే ఆరూ పేలినాయా లేదా అని చూసుకోవాల. ఐదే పేలినాయనుకో, ఆరోది యాడుండాదో మనకు తెలీదు, దానికి మాత్రం మనం యాడుండామో తెలుసు" అన్నాడు. నేను నవ్వేసి ఫోన్ పెట్టేశాను.

ఆ వేసవి చివర్లో కుప్పంలో పాత పరికరం తీసేసి కొత్త మోడల్ పెట్టారు. కుప్పం పరికరం తనకు మాత్రమే కాదు, శాంతిపురం, మరో ఊరు, ఆ రెండు స్టేషన్ల తరఫునా కబుర్లు పంపుతుంది. ఏ పరికరమైనా తానున్న స్టేషన్‌ను ఒకటో నంబరు అంటుంది. అట్లా దాని లెక్కలో కుప్పం ఒకటి, శాంతిపురం రెండు. కొత్త పరికరం పెట్టిన వారానికి శాంతిపురం రైతు కేంద్రంలో సబ్సిడీ వేరుశనగ విత్తనాల పంపిణీ మొదలైంది. వేలిముద్ర పడితే తప్ప మూట ఇవ్వరు. వేలిముద్ర పడాలంటే మా లైను ఉండాలి.

ఆ పొద్దు ఏడింటికి మా తెర మీద "కుప్పం, కరెంటు పోయింది" అని వచ్చింది. వోల్టుల చోట ఖాళీ. షిఫ్టులో ఉన్న ఆపరేటరు లైన్‌మన్‌కు ఫోన్ చేశాడు. అతను అంకెలు చదివించుకుని, కుప్పం స్టేషనుకు పోయి చూసి, "కరెంటు ఉండాది, అంతా బాగుండాది సార్" అని చెప్పాడు. ఇంకో గంటన్నరకు మళ్లీ అదే వాక్యం వచ్చింది. అతను మళ్లీ అంకెలు చదివించుకున్నాడు, మళ్లీ పోయి చూశాడు, అంతా బాగుందనే చెప్పాడు. ఆపరేటరు అలారం మూసేశాడు. పదకొండింటికి శాంతిపురం స్టేషను నోరు పడిపోయింది. అక్కడ పొద్దుననగా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందట. బ్యాటరీలు నాలుగు గంటలు లాగి లాగి ప్రాణం వదిలాయి. కుప్పం నుంచి జనరేటరు ఆటోలో వేసుకుపోయి పెట్టేసరికి రెండు దాటింది.

ఆ మూడు గంటలూ రైతు కేంద్రం ముందు జనం ఎండలో ఉన్నారు. పల్లెల నుంచి పొద్దున్నే అన్నం మానుకుని వచ్చినవాళ్లు. ఒక పెద్దామె కళ్లు తిరిగి పడిపోయింది. కొందరు గొడవకు దిగారు, ఎవరో ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పంపారు. సాయంత్రానికి మా పైవాళ్లు పెద్దసారును ఫోన్‌లో కడిగి ఆరేశారు.

పెద్దసారు చెడ్డవాడు కాదు. అది ఒప్పుకోవాలి. మా ఇంట్లో పెళ్లికి ముందు రోజే వచ్చి పందిరి కట్టించిన మనిషి. కానీ పైనుంచి చీవాట్లు పడితే అవి తన దగ్గర ఆగకూడదు, కింద ఎవరి దగ్గరన్నా ఆగాలి అనుకునే రకం. కింద అంటే మరీ కింద. పది రోజుల్లో విచారణ అధికారి వస్తాడని తెలియగానే ఆయన తేల్చేశాడు. సాఫ్ట్‌వేర్ కరెంటు పోయిందంటోంది, లైన్‌మన్ ఉందన్నాడు. కంప్యూటర్‌కు అబద్ధం చెప్పే అవసరం ఏముంది? కాబట్టి వాడు స్టేషనుకు పోనేలేదు, ఇంట్లో కూర్చుని బాగుందన్నాడు. కాంట్రాక్టు రద్దు చేసి పంపిస్తే సరిపోతుంది.

అసలు అంకెలు చూద్దామన్న ఆలోచన నాకు వచ్చేసరికి అవి లేవు. డిస్కు నిండిపోతోందని వారం దాటిన అంకెలు తుడిచేసి వాక్యాలు మాత్రమే ఉంచేలా పెట్టారు. ఎవరు పెట్టారని అడగకండి. అదీ నా ఘనకార్యమే.

విచారణకు రెండు రోజుల ముందు లైన్‌మన్ కుప్పం నుంచి బస్సులు మారి మదనపల్లెకు వచ్చాడు. కంట్రోల్ రూము గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. లోపలికి రాప్పా అంటే రాలేదు.

"నేను రెండుసార్లు పొయ్యొచ్చినానమ్మా. పక్కనుండే మిల్లు వాచ్‌మన్ను అడగండి. పోలేదని రాస్తాండారంట గదా. పని పోతే పోయిందిలే, మళ్లీ రాళ్లు కొట్టుకుంటాను. అబద్ధాలోడు అనిపించుకోని యాల పోవల్ల? నా బిడ్డ మా ఊరి బడిలోనే సదువుతాండాది, ఆడ అందరికీ తెలుసు" అన్నాడు. డైరీ తీసి నా చేతిలో పెట్టాడు.

ఆ తేదీన రెండు వరుసలు ఉన్నాయి. మొదటిది 1, 2, 2, 52. రెండోది 1, 2, 3, 44.

నాలుగు అంకెలు. గోడ మీద కాగితం మూడు అంటోంది, డైరీ నాలుగు అంటోంది. కొత్త మోడల్ అన్నిటికంటే ముందు, తనలో ఏ కార్డు ఈ కబురు పంపుతోందో చెప్పే అంకెను చేర్చింది. మిగిలినవన్నీ ఒక్కో అడుగు వెనక్కి జరిగాయి. శాంతిపురం అని చెప్పే రెండును నా రూలు సంగతి కింద చదివింది. మా లెక్కలో రెండు అంటే కరెంటు పోయింది. కార్డు నంబరైన ఒకటిని కుప్పం అనుకుంది. కరెంటు పోయిందని, తర్వాత బ్యాటరీ అయిపోతోందని పరికరం చెప్పిన మాటలు, ఆ 2, ఆ 3, వోల్టుల చోటికి వచ్చాయి. పది కంటే తక్కువ కదా, వాటిని నా రెండో రూలు ఖాళీ చేసి పారేసింది. శాంతిపురం బ్యాటరీ చచ్చిపోతున్నానని పొద్దున్నే మొత్తుకుంది. నేను దాని నోరు కట్టేసి, తెర శుభ్రంగా ఉందని మురిసిపోయాను.

అప్పుడు నేనేం చేశానో కూడా రాయాలి. "చూస్తాలేప్పా, పోయిరా" అన్నాను. తప్పు నాదని అతనికి చెప్పలేదు. పదోన్నతి జాబితాలో నా పేరు మొదట ఉంది. రిటైరవడానికి మూడేళ్లు ఉంది. ఆ సాయంత్రమంతా, ఈ డైరీలో పెన్సిలుతో రాసింది ఎవరు నమ్ముతారులే, నేను చెప్పినా చెప్పకపోయినా ఒకటే అని నాకు నేను చెప్పుకుంటూ తిరిగాను. సిగ్గుగానే ఉంది ఇది రాయడానికి.

మర్నాడు పెద్దసారు ఒక కాగితం తెచ్చాడు. "సంబంధిత రోజున సాఫ్ట్‌వేర్ సక్రమంగా పనిచేసినట్లు ధ్రువీకరిస్తున్నాను" అని ఉంది. కింద నా పేరు, సంతకానికి ఖాళీ.

"సంతకం పెట్టమ్మా, రేపు ఆయన వస్తాండాడు" అన్నాడు.

"సార్, సాఫ్ట్‌వేర్ సరిగ్గా పనిచేయలేదు. రూలు తప్పు. నేను రాసిన రూలే" అని డైరీ చూపించాను.

ఆయన చూశాడు. ఆయనా ఇంజినీరే, ఒక్క నిమిషంలో అర్థమైంది. డైరీ మూసి నా వైపు నెట్టాడు. "పెన్సిలు రాతమ్మా ఇది. నిన్న కూర్చోని రాసుకున్నా రాసుకోవచ్చు. నీకెందుకు ఈ తద్దినం? వానికి ఇది గాకపోతే ఇంకోటి, బెంగళూరు పోతే నూరు పనులుండాయి. నువ్వు నీ చేతులారా మెడకు తాడేసుకుంటావా?"

ఆయన గట్టిగా తిట్టి ఉంటే బహుశా నేను లొంగిపోయేదాన్నేమో. మెల్లగా, నా మేలు కోరి చెప్పాడు. దాంతో నాకు ఒళ్లు మండిపోయింది. నేను ఒక్కదాన్ని చల్లగా ఉండటానికి ఆ మనిషి తన ఊళ్లో అబద్ధాలకోరు అనిపించుకోవాలా?

"నేను పెట్టను సార్. ఇంకెవరితోనైనా పెట్టించుకోండి. అట్లా పెట్టిస్తే ఆ పక్కనే, ఇది అబద్ధం అని రాసి నేనూ పెడతాను" అన్నాను. ఆ ఉద్యోగంలో చేరిన అన్నేళ్లలో నేను గొంతు పెంచింది అదే మొదటిసారి. గదిలో ఉన్న ఆపరేటరు కుర్చీ మీద బిగుసుకుపోయాడు.

పెన్సిలు రాత నమ్మరు, సరే. నమ్మేది ఒకటి నాకు తెలుసు. సరిగ్గా అదే కొత్త మోడల్ నాలుగు రోజుల కిందట పుంగనూరులో కూడా పెట్టారు. విచారణ అధికారి పుంగనూరు మీదుగానే మదనపల్లెకు రావాలి. పెద్దసారును దాటి నేనే ఆయనకు ఫోన్ చేశాను. "సార్, దారిలో పుంగనూరు స్టేషన్ దగ్గర పది నిమిషాలు ఆగండి. మీ కళ్లతో చూడాల్సింది ఒకటి ఉంది" అన్నాను. ఆయన ఎందుకని కూడా అడగలేదు, సరే అన్నాడు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి పుంగనూరు పోయాను. రాత్రే ఫోన్ చేసి రమ్మన్నాను కాబట్టి లైన్‌మన్ అప్పటికే వచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. తప్పు నాదేనని అతనికి అక్కడ చెప్పాను. "టీ తాగినావామ్మా?" అని మాత్రం అడిగాడు. ఎలా తెలిసిందో పెద్దసారు కూడా కారేసుకుని వచ్చేశాడు. నన్ను చూసి, "నీకు మతి ఉండాదా?" అన్నాడు. అధికారి దిగేసరికి మేం ముగ్గురం మూడు దిక్కులు చూస్తూ నిలబడి ఉన్నాం.

గదిలోకి తీసుకుపోయి, మదనపల్లెలో ఉన్న ఆపరేటరుకు ఫోన్ కలిపి స్పీకరులో పెట్టాను. అధికారిని చూడమని చెప్పి మెయిన్ స్విచ్ కిందికి లాగేశాను. లైటు ఆరిపోయింది. ఫ్యాను రెక్కలు తిరిగి తిరిగి ఆగాయి. బ్యాటరీల మీద ఎర్ర దీపం వెలిగింది.

"ఇప్పుడు నీ తెర మీద ఏం వచ్చింది?" అని అడిగాను.

ఆపరేటరు చదివాడు. "పుంగనూరు, కరెంటు ఉంది. పచ్చ రంగులో వచ్చిందక్కా. అంతా బాగుంది."

చీకటి గదిలో మేం నలుగురం నిలబడి ఆ మాట విన్నాం. అధికారి చొక్కా కాలరు పట్టుకుని విసురుకుంటున్నాడు.

"ఇప్పుడు ఉండేదంతా చదువు" అన్నాను.

"ఒకటి, ఒకటి, రెండు, యాభై రెండు." అని, మళ్లీ లెక్కపెట్టి, "నాలుగున్నాయక్కా" అన్నాడు ఆపరేటరు. ఆ రోజు అలారం మూసింది వాడే మరి.

"ఒకటి పుంగనూరు కాదు సార్, కార్డు నంబరు. పుంగనూరు అని చెప్పేది ఆ తర్వాతి ఒకటి. మా లెక్కలో సంగతి ఒకటి అంటే కరెంటు ఉంది, నా రూలు దాన్ని అట్లా చదివింది. అసలు కరెంటు పోయిందని చెప్పే రెండు, వోల్టుల చోట పడి మాయమైపోయింది" అని, లైన్‌మన్ డైరీ తెరిచి సెల్‌ఫోన్ వెలుతురులో ఆ రెండు వరుసలూ చూపించాను. ఆయన వేలితో ఒక్కో అంకె మీద ఆగుతూ చదివాడు.

"ఈ రూలు రాసిందెవరు?"

"నేనే సార్. పేరు చూసి తీసుకోవాల్సింది, వరుస చూసి తీసుకున్నాను. అర్థం కాని అంకెలు దాచిపెట్టే రూలూ నాదే. అంకెలు తుడిచేయమన్నదీ నేనే. ఈయన రెండుసార్లు స్టేషనుకు పోయాడు. చూసింది చూసినట్టు చెప్పాడు. ఆ రోజు మా అందరిలో నిజం చెప్పింది ఈయనొక్కడే."

అధికారి పెద్దసారు వైపు చూశాడు. పెద్దసారు బ్యాటరీల వైపు చూశాడు.

"స్విచ్ వెయ్యమంటారా సార్?" అని లైన్‌మన్ అడిగాడు. "బ్యాటరీలు యాల తినేది ఊరికే?"

తర్వాత జరిగింది తొందరగా జరిగింది. అతని పని నిలబడింది. నా మీద ఛార్జి మెమో వచ్చింది. పదోన్నతి నా తర్వాతి పేరుకు పోయింది. రిజిస్టరులో ఎర్ర సిరాతో "ఈమె రూపొందించిన లోపభూయిష్టమైన నిబంధన వలన సేవలకు అంతరాయం కలిగినది" అని రాశారు. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. నన్ను కుప్పానికి బదిలీ చేశారు. శిక్ష అనుకుని చేశారు పాపం. ఆ ఊరి ఇడ్లీల సంగతి వాళ్లకు తెలియదు.

పోయేముందు రెండు పనులు చేశాను. రూలు మళ్లీ రాశాను, ఈసారి ఒక్కో అంకెనూ దాని పేరుతో పట్టుకునేలా. గంటన్నర పని. నాలుగేళ్లు బద్ధకించిన గంటన్నర. దాచిపెట్టే రూలు పీకేశాను. పిచ్చి అంకె వస్తే రానీ, తెర అసహ్యంగా ఉంటే ఉండనీ, చూసినవాడు కంగారుపడితే పడనీ. తర్వాత గోడ మీద కాగితం చింపేశాను. అది అంటించిన జిగురు మాత్రం రాలేదు. చదరంగా ఒక మరక ఇప్పటికీ అక్కడ ఉందని చెబుతారు.

ఆ సాఫ్ట్‌వేర్‌లు మారిపోయాయి, ఇంకా మారతాయి. ఇప్పుడు మీ తెరలు వాక్యాలే కాదు, కారణాలూ సలహాలూ కూడా రాసిస్తాయట. రాయనివ్వండి. ఆ వాక్యం వెనక ఎవరో నాలాంటి ఓపిక లేని మనిషి రాసిన రూలు ఉంటుందని మాత్రం మరచిపోకండి. తప్పు జరిగినప్పుడు వరుసలో చిట్టచివర ఉన్నవాడి పేరు రాసి ఫైలు మూసేయమంటే, సంతకం పెట్టకండి. నష్టపోతారు. నేను నష్టపోయాను, బాగానే ఉన్నాను.

కుప్పం ఆఫీసులో, అక్కడి తెర ముందు మూడేళ్లు చేశాను. రిటైరయ్యే రోజు మధ్యాహ్నం శాలువా కప్పి, పూలదండ వేసి, కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో మైకు పట్టుకుని నా గురించి మంచి మాటలు వెతుక్కుంటున్నారు. అప్పుడే నా ముందున్న తెర మీద అలారం వచ్చింది. దండ మెడలో ఉండగానే లైన్‌మన్‌కు ఫోన్ చేశాను. నా సభకు రమ్మంటే, పని చూసుకుని వస్తానని శాంతిపురం పోయి ఉన్నాడు.

"శాంతిపురం, కరెంటు పోయింది, 51 వోల్టులు" అని చదివాను. పేరు పేరునా పట్టుకున్న అంకెలు. నా చేత్తో నేను సరిచేసిన రూలు. మూడేళ్లలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదది.

అటువైపు పెన్సిలు కోసం జేబులు తడుముకుంటున్న చప్పుడు వినిపించింది.

"సరే గానీ అమ్మా, ఉండేదంతా సదువు" అన్నాడు.

శాలువా సర్దుకుని, మొదటి అంకె నుంచి చదివాను.